తళుకుల గౌను

పొద్దున్నే ఇస్త్రీ కొట్టు ముందు జనం పోగయ్యేవాళ్లు. బట్టల కోసం కొందరు, పాటల కోసం కొందరు. అక్కడ ఇస్త్రీపెట్టె వేడెక్కి బట్ట మీద నడిచిందంటే, ఆ బట్ట వాడే మనిషికి ఏ గాయని అంటే ప్రాణమో ఆవిడ గొంతు వినిపించేది. ఆవిరి వచ్చినట్టే పాటా వచ్చేది, అందులో వింతేముంది? కాకపోతే వీధిలో ఎవరి గుట్టూ దాగేది కాదు. కనుబొమ్మలు ముడిస్తే పిల్లలు పారిపోయే పోలీసాయన చొక్కా బల్లమీద పరిస్తే చాలు, జోలపాటలు పాడే పెద్దావిడ అందుకునేది. కర్ర లేనిదే నాలుగడుగులు వేయలేని తాతమ్మ దుప్పట్లోంచి గిటార్లు విరగ్గొట్టే రాక్ పిల్ల కేకలు పెట్టేది.

"నీ వయసుకి తగ్గ పాటేనా తాతమ్మా ఇది?" అని ఎవరైనా అంటే, "నా వయసుతో నీకేం పనిరా?" అని కసిరేది.

సంగీతం టీచరు బట్టలంటే మాత్రం అందరికీ మహా మర్యాద. ఆమె నీలం కోటు బల్లమీదికి రాగానే, శాస్త్రీయ సంగీతంలో అందరూ చేతులు జోడించే విద్వాంసురాలు ఆలాపన మొదలుపెట్టేది. అది వింటూ టీచరు గడ్డం కాస్త పైకెత్తేది.

వీధి చివర పెద్ద బళ్లో ఆమెది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. ఖాయం చేయాల్సింది హెడ్మిస్ట్రెస్. ఆవిడకి డాన్సు పాటలంటే గిట్టదని బళ్లో చెప్పుకునేవాళ్లు. టీచరు తల్లేమో హోటల్లో బ్యాండుతో డాన్సు పాటలు పాడేది. కూతురికి అన్నం పెట్టిందీ, మొదటి స్వరం పలికించిందీ ఆ గొంతే. అయినా టీచరు ఆవిణ్ణి బళ్లో ఎవరికీ అమ్మ అని చెప్పలేదు. "మా వెనక గదిలో అద్దెకుంటారు" అంది. సంగతి తెలిసి తల్లి, "పోనీలే, అద్దె మాత్రం అడక్కు" అని నవ్వేసింది.

తల్లి బట్టలు ఇంట్లోనే ఇస్త్రీ అయ్యేవి. ఓ శనివారం ఇంట్లో ఇస్త్రీపెట్టె కాలిపోయింది. సాయంత్రం హోటల్లో పాట ఉంది. గత్యంతరం లేక తళుకుల గౌను పట్టుకుని ఆవిడ కొట్టుకొచ్చింది. అప్పటికే అక్కడ టీచరూ, హెడ్మిస్ట్రెస్సూ కబుర్లాడుతున్నారు. తల్లి కూతుర్ని చూసి, అలవాటు ప్రకారం మొహం పక్కకి తిప్పుకుంది.

కొట్టు నడిపే ఇస్త్రీ అక్క గౌను పరిచి అంచు మీద పెట్టె ఆనించింది. ఏ డాన్సు పాటల రాణి కేక వేస్తుందోనని టీచరు బిక్కచచ్చిపోయింది. వినిపించింది ఆరేళ్ల పిల్ల గొంతు. పై స్వరం దగ్గర ఊపిరందక ఆగి, మళ్లీ ఎత్తుకుంటోంది. పెట్టె అంచు నుంచి నడుము దాకా, నడుము నుంచి భుజాల దాకా వెళ్తుంటే పాడే పిల్ల పెద్దదవుతూ వచ్చింది. మెడ దగ్గరికొచ్చేసరికి అది అచ్చం టీచరు గొంతే. ఆపమనడానికి లేదు. పాట మధ్యలో పెట్టె ఎత్తితే ఆ ముడత ఇక జన్మలో పోదు.

"ఇది మీ గొంతు కదా టీచర్? ఈవిడెవరు?" అంది హెడ్మిస్ట్రెస్.

"మా వెనక గదిలో ఉంటారన్నానే మేడమ్, ఆవిడే."

"మరి చిన్నప్పటి గొంతు కూడా వచ్చిందే?"

టీచరు నోరు తెరిచేలోగా తల్లే అందుకుంది. "గోడ పల్చనండీ. ఎన్నో ఏళ్లుగా అద్దెకుంటున్నాను. వినీ వినీ ఇష్టమైపోయింది."

వేడి వేడి గౌను చేతి మీద వేసుకుని, ఎవరికో నమస్కారం పెట్టినట్టు అందరికీ కలిపి తలూపి వెళ్లిపోయింది. టీచరుకి తల కొట్టేసినట్టయింది. వెనకే వెళ్లాలని ఉన్నా హెడ్మిస్ట్రెస్ పక్కనే నిలబడిపోయింది.

ఇస్త్రీ అక్క నీలం కోటు తీసింది. జనం ఆలాపన కోసం మర్యాదగా సర్దుకున్నారు. పెట్టె ఆనగానే బొంగురు గొంతొకటి హుషారుగా డాన్సు పాట ఎత్తుకుంది. ఇందాక "గోడ పల్చనండీ" అన్న గొంతే అది.

పాట అయ్యాక ఇస్త్రీ అక్క కోటు మడతపెట్టింది.

"మా అమ్మండీ," అంది టీచరు నేల చూస్తూ. "నాకు సంగీతం నేర్పింది కూడా ఆవిడే."

హెడ్మిస్ట్రెస్ తన బట్టల మూట అందుకుంది. "సోమవారం నుంచి రానక్కర్లేదు. డాన్సు పాటలు పాడుతుందని కాదు టీచర్. ఆవిడ నోటితోనే అబద్ధం చెప్పించారు చూడండి, అందుకు."

ఇంటికెళ్లేసరికి తల్లి గౌను తగిలిస్తోంది.

"సరిగ్గానే చెప్పానా? మీ మేడమ్‌కి అనుమానం రాలేదు కదా?"

టీచరు గడప దగ్గరే కూలబడింది. "ఉద్యోగం పోయిందమ్మా."

తల్లి గౌను వదిలేసి గబగబా వచ్చింది. "అయ్యో, నేనెక్కడైనా తడబడ్డానా తల్లీ?"

"లేదమ్మా. నువ్వు బాగానే చెప్పావు," అని మాత్రం అనగలిగింది టీచరు. తల ఎత్తలేదు.