ఎర్ర పట్టీ, నీలం పట్టీ

ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగశాల ఎలుకలను చూసుకునేవాణ్ణి. అక్కడి పరిశోధకులు హెస్టర్, క్లైవ్ ఇద్దరూ నా ఎలుకల నుంచే యాంటీబాడీలు తయారుచేశారు. రక్తంలో కాపలా తిరిగే టీ కణం రోగం పట్టిన కణాన్ని పట్టుకుని చంపుతుంది. టీ కణం ఒంటిమీది ఏ ముక్క వల్ల ఆ పని జరుగుతుందో తేల్చాలి. క్లైవ్ యాంటీబాడీ ఒక ముక్కకు అతుక్కోగానే చంపడం ఆగిపోయింది, అంటే ఆ ముక్కే అసలుది. హెస్టర్‌ది ఇంకో ముక్కకు అంతే గట్టిగా అతుక్కుంది. ఏమీ ఆగలేదు.

అప్పటినుంచి క్లైవ్ టీ గదిలోకి వస్తే ఆమె బిస్కెట్ సగంలో వదిలేసి లేచిపోయేది.

ఒకరోజు అతనే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ యాంటీబాడీ కాస్త ఇస్తావా? ఏది అతుక్కున్నా ఆగుతుందేమో అంటున్నారు నా వ్యాసం పంపిన సైన్సు పత్రికవాళ్లు. అతుక్కుని కూడా ఆపనిది పక్కన పెట్టి చూపించాలి."

"నీ పెళ్లికి నేను తోడిపెళ్లికూతుర్నా?"

"నీ పేరు వేస్తాను హెస్టర్."

"ఎక్కడ? పనికిరాని వాటి గడిలోనా? ఈ సీసాలోది నేను కొత్తగా శుద్ధిచేసినది. ఈసారి ఆపుతుంది, చూడు. పరీక్ష నేనే చేస్తా. ఏది ఎవరిదో మనిద్దరికీ తెలియకూడదు. బెర్ట్ గారు గుర్తులు పెడతారు" అని నన్ను చూపించింది.

ఒకరిది పోసిన గొట్టానికి ఎర్ర పట్టీ, ఇంకొకరిది పోసినదానికి నీలం పట్టీ అంటించి ఇచ్చాను.

మర్నాడు పొద్దున్నే హెస్టర్ ఎలుకల గదికి వచ్చింది.

"ఎర్రది నాదే కదూ?"

నేను బోనుల్లో నీళ్లు మారుస్తున్నాను.

"మీ నోట్లో మాట బయటికి రావాలంటే గడ్డపార కావాలి!" అని వెళ్లిపోయింది.

సాయంత్రం ముగ్గురం చూస్తుండగా యంత్రం చచ్చిన కణాల లెక్క కాగితం మీద కొట్టింది. ఎర్రది వేసినచోట చంపడం ఆగింది. నీలం వేసినచోట ఆగలేదు. హెస్టర్ మొహం వెలిగిపోయింది.

"చెప్పండి. ఎర్రది ఎవరిది?"

"క్లైవ్‌ది, అమ్మా."

"మీరు తారుమారు చేశారు."

"లేదు."

క్లైవ్ నెమ్మదిగా అన్నాడు. "కావాలంటే రేపు మళ్లీ చేద్దాం. పట్టీలు నువ్వే వేయించు, ఎవరిచేతైనా సరే."

హెస్టర్ అతని మొహంలోకి చూసింది.

"గెలుపు నీకే. మంచితనం కూడా నీకేనా?"

తన యాంటీబాడీ సీసా అతనివైపు తోసింది. కోటు చేతిలోనే పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.