ముగ్గురి లంఖణం

తాటిపాక శివార్లలో కొబ్బరి పీచుతో తాళ్లు పేనే వీరన్న ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీదికెక్కే అన్నం కుండ చాలా చిన్నది. ముగ్గురు ఆడపిల్లలున్న ఇంట్లో ఇంత చిన్న కుండేమిటని కొత్తగా వచ్చినవాళ్లు అనుకునేవారు, సంగతి తెలిశాక ఊరుకునేవారు. ఆ ముగ్గురికీ కడుపు ఒకటే. ఒకరు తింటే ముగ్గురికీ నిండుతుంది. ఒకరి నోట్లో పడ్డ రుచి మిగతా ఇద్దరి నాలుకలకీ తగులుతుంది. అందుకని తల్లి సత్తెమ్మ ఒక్క మనిషికి సరిపడా వండి ముగ్గురికీ సర్దేసేది. పెద్దది ఆదెమ్మకి పదహారు, నడిమిది మంగాయికి పదమూడు, చిన్నది బుల్లెమ్మకి పది.

"నీకేంటమ్మా, బియ్యం కలిసొచ్చే పిల్లల్ని కన్నావు" అనేవారు ఇరుగుపొరుగు. అందులో ఉన్న చిక్కు సత్తెమ్మకే తెలుసు. బుల్లెమ్మ ఎక్కడో చాటుగా చింతకాయ కొరికిందంటే ఇక్కడ తాడు పేనుతున్న అక్కలిద్దరూ పళ్లు పులిసి మొహాలు చిట్లించేవారు. దొంగ దొరికిపోయేది. ఆ పూటకి ఇల్లంతా ఒకటే గోల. అయినా రాత్రి అయ్యేసరికి ముగ్గురూ ఒకే చాప మీద, ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని పడుకునేవారు. వేరే చాప ఉంది గానీ దాన్ని ఎవరూ విప్పేవారు కాదు.

గోదారికి ఆనకట్ట కట్టి, కోనసీమకి కాలవలు తవ్వుతున్న రోజులవి. శ్రావణమాసంలో అల్లవరం నుంచి కబురొచ్చింది. సత్తెమ్మ చెల్లెలు కనకమ్మకి నెల ముందే నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు. మొగుడేమో గన్నవరం దగ్గర కాలవ పనిలో మట్టి మోస్తున్నాడు. తల్లి లేదు, అత్త లేదు. పురుడు పోసిన మంత్రసాని పోలమ్మ తప్ప మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. సత్తెమ్మ వెళ్తే ఇక్కడ తాళ్ల పని ఆగిపోతుంది. ఆదెమ్మకి పెళ్లయింది, దసరా వెళ్లాక కాపురానికి పంపాలి, ఇప్పుడు ఊరు దాటించకూడదు. బుల్లెమ్మ వెళ్తే దానికే ఒకరు చాకిరీ చెయ్యాలి. ఇంక మిగిలింది ఎవరు? మంగాయే.

పాశర్లపూడి రేవు దాకా అక్కచెల్లెళ్లిద్దరూ సాగనంపడానికి వచ్చారు. గోదారి పాయ వైనతేయ దాటితే అవతల బోడసకుర్రు, అక్కణ్నుంచి అల్లవరం నడిచి వెళ్లొచ్చు. నిజానికి దూరం పెద్దదేం కాదు. కానీ ముగ్గురూ పుట్టి బుద్ధెరిగాక ఒక్క పూటైనా విడిగా ఉన్నది లేదు.

"మూడు నెలలే కదే, కళ్లు మూసి తెరిచేసరికి అయిపోతాయి" అంది ఆదెమ్మ. అంటూనే కళ్లు తుడుచుకుంది. "అక్కడ మొహమాటపడి కడుపు మాడ్చుకోకు. నువ్వు మాడితే మేమూ మాడాలి."

"నేను రోజూ నీకిష్టమైందే తింటాలే అక్కా" అని బుల్లెమ్మ గొప్ప త్యాగం చేస్తున్నట్టు చెప్పింది.

మంగాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పడవ నడిపే ముసలయ్య గెడ వేశాడు. ఒడ్డు మీద ఇద్దరూ చిన్నగా అయిపోయేదాకా ఆ పిల్ల అటే చూస్తూ కూర్చుంది.

అల్లవరంలో పనికి కొదవేముంది! పొద్దున్నే నీళ్లు కాగబెట్టాలి. కాళ్లు చాపుకు కూర్చుని, పసివాణ్ని పిక్కల మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టి నీళ్లు పొయ్యాలి, సాంబ్రాణి పొగ పట్టాలి. పిన్నికి పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం వేరే పొయ్యి మీద వండి పెట్టాలి. బాలింతరాలికి పులుపు తగలకూడదు, చల్లటిది తగలకూడదు. మొదటిసారి వాడికి నీళ్లు పోసినప్పుడు మంగాయి చేతుల్లోంచి వాడు జారబోయాడు. పదో రోజుకి వాడు ఆ చేతుల్లో తప్ప ఊరుకోవడం మానేశాడు.

దిగులు మాత్రం తీరేది కాదు. రాత్రి చాప మీద ఒక్కతే పడుకుంటే పక్కన ఖాళీ చలేసినట్టుండేది. పగలు నయం. పొద్దెక్కేసరికి నాలుక మీద చద్దన్నం, మాగాయ ముక్క తగిలేవి. ఓహో, ఇంట్లో చద్దన్నాలు తింటున్నారన్నమాట. మధ్యాహ్నం గోంగూర. పిన్నికి విస్తరి వేస్తూనే, "మా ఇంట్లో ఇవాళ ఎండు రొయ్యలు పిన్నీ, అమ్మ ఉప్పెక్కువేసింది" అని చెప్పేది మంగాయి.

"మా అక్క చెయ్యి ఎప్పుడూ అంతే" అనేది కనకమ్మ.

భాద్రపదం వచ్చింది. ఒకరోజు పొద్దెక్కినా నాలుక మీద ఏమీ పడలేదు. మధ్యాహ్నమూ లేదు. మర్నాడూ అంతే. మంగాయి తాను తిన్నది తప్ప కడుపులో ఇంకేమీ లేదు. మూడో భాగం తిండికి అలవాటుపడ్డ ఒళ్లు నీరసపడింది. చేస్తున్న పని చేస్తూనే పదిసార్లు గుమ్మంలోకి వెళ్లి చూసింది.

మూడో రోజు ముసలయ్య రేవు నుంచి నడుచుకుంటూ వచ్చాడు.

"కనకమ్మగారండీ, కబురండీ. పెద్దపాపకి జొరమండీ. ఒళ్లు పేలిపోతుందంట. వైద్యుడు గారొచ్చి లంఖణం కట్టేరండీ."

"అయ్యో నా తల్లీ! ఎన్నాళ్లని చెప్పేరు?"

"ఆరొచ్చి నాడి చూసి, పథ్యం పెట్టమనేదాకానండీ. మెతుకు తగిలితే సన్నిపాతం కమ్ముద్దన్నారంట. మరి ముగ్గురికీ ఒకటే కడుపు గదండీ, చిన్నపాపా మానేసింది. ఈ పాపని కూడా మానెయ్యమని చెప్పమన్నారండీ."

"ఆయ్, అలాగే" అంది మంగాయి. అప్పుడే కలుపుకున్న ముద్ద తీసుకెళ్లి కాకులకి పెట్టేసి, చెయ్యి కడుక్కుంది.

శొంఠి వేసి కాచిన నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. మొదటి రెండు రోజులూ ఆకలి పీక్కుతినేసింది. రెండో రోజు సాయంత్రం ఉన్నట్టుండి నాలుక మీద బెల్లం తగిలింది. అర క్షణం, అంతే, ఉమ్మేసినట్టు పోయింది. మంగాయికి ఒళ్లు మండిపోయింది. "ఒసే బుల్లీ, అక్కని చంపేస్తావే!" అని వైనతేయ వైపు తిరిగి అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది. పదేళ్ల పిల్ల, పాపం, ఎంత ఓర్చుకుంటుంది?

అయిదో రోజుకి ఆకలి దానంతటదే చచ్చిపోయింది. పక్కనే అన్నం ఉడుకుతున్నా వాసన కూడా తెలిసేది కాదు. బిందె ఎత్తితే కళ్లు తిరిగేవి. పసివాడికి కూర్చుని నీళ్లు పోసేది గానీ లేవడానికి పోలమ్మ చెయ్యి ఇవ్వాల్సి వచ్చేది. కనకమ్మ కళ్లలో నీళ్లు నింపుకుని చూసేది. తినమనడానికి నోరు రాదు, మానమనడానికి మనసొప్పదు.

ఎనిమిదో రోజు గోదారి పొంగి వైనతేయ ఎర్రగా, ఒడ్డులొరుసుకుంటూ వచ్చింది. ముసలయ్య తడిసి ముద్దై వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"రేవు కట్టేసేమండీ. పడవ నిలవదు. వైద్యుడు గారు మొన్న ఏదో పని మీద అమలాపురం వచ్చి ఇవతలే ఉండిపోయేరండీ."

కనకమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మరి పిల్లకి పథ్యం ఎవరు పెట్టమంటారు?"

"అదేనండీ నేనూ అడిగేను. నాడి చూడకుండా ఎలా చెప్పనన్నారు. మా మంగాయి పాప ఈ ఒడ్డునే ఉంది గదండీ, ఆ పాప నాడి చూడండి అన్నానండీ. కడుపు ఒకటే గానీ నాడి ఎవరిది వాళ్లదేరా అన్నారు."

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. చదువుకున్నాయన. కానీ సత్తెమ్మ సంగతి మంగాయికి తెలుసు. వైద్యుడు గారు వస్తేనే అన్నారంటే, ఆయన వచ్చేదాకా ఆవిడ గంజి చుక్కయినా పొయ్యదు. ఏడుస్తూ కూతురి పక్కనే కూర్చుంటుంది తప్ప మాట దాటదు. నాన్నా అంతే. అవతలి ఒడ్డున అక్కకి ఒక్క మెతుకు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

పదకొండో రోజు పొద్దున్న మంగాయి పసివాడికి నలుగు పెడుతుంటే ఆకలేసింది. మామూలు ఆకలి కాదు. పేగులు మెలితిప్పి, నోట్లో నీళ్లూరి, చేతిలో శనగపిండి కూడా తినేద్దామా అన్నంత ఆకలి.

"పోలమ్మత్తా! ఆకలేస్తోంది!"

పోలమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నదల్లా ఆగింది. వందమంది పురుళ్లూ, అన్ని జ్వరాలూ చూసిన మనిషి. "లంఖణంలో ఆకలి పుట్టిందంటే జొరం దిగినట్టేనే పిల్లా. అప్పుడు పథ్యం పెట్టెయ్యాలి. పెట్టకపోతే ఆ ఆకలే మనిషిని తినేద్ది."

"ఆగు పోలమ్మా, దానికేం తెలుసని!" అంది కనకమ్మ కంగారుగా. "అది బుల్లెమ్మ ఆకలేమో. దీని సొంత ఆకలేమో. ఆదెమ్మకి ఇంకా జొరం కాస్తూనే ఉంటే? మనం పెట్టిన ముద్దే విషమైతే? రేపు మా అక్క మొహం నేనెలా చూడను?"

మంగాయి ఆ రోజంతా ఆ ఆకలిని పట్టుకుని కూర్చుంది. ఇది నాదా, బుల్లిదా, అక్కదా అని ఎంత తడుముకున్నా తెలియలేదు. ఏనాడైనా తెలిస్తే కదా! సాయంత్రానికి ఆకలి కొంచెం తగ్గింది. మర్నాడు పొద్దుటికి ఇంకా తగ్గింది. నూనె అయిపోతున్న దీపంలా వెలిగీ వెలగనట్టు, కడుపులో ఓ మూల ఉందంటే ఉంది. అప్పుడు భయమేసింది ఆ పిల్లకి. ఇన్నాళ్లూ వెయ్యని భయం.

లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లి, పిన్ని పథ్యానికి దాచిన పాత బియ్యం పిడికెడు తీసింది. పెనం మీద ఎర్రగా వేయించి, రోట్లో నూక చేసి, నీళ్లు ఎక్కువ పోసి జావ కాచింది.

"మంగాయీ, నా మాట విను. వైద్యుడు గారు..."

"ఆకలి ఎవరిదైతేనేం పిన్నీ, కడుపు ఒకటే కదా. ఆరిపోతోంది. నాకు తెలుస్తోంది."

"పొరపాటైతే?"

"పొరపాటైతే నేనే చంపినట్టు." మంగాయి జావ పొయ్యి మీంచి దించింది. "అయితే అక్కడ ఎవరూ పెట్టరు పిన్నీ. పెట్టగలిగింది నేనొక్కదాన్నే."

కనకమ్మ పసివాణ్ని ఒళ్లో వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

మంగాయి మొదట జావ మీది తేట నాలుగు గుక్కలు తాగింది. ప్రతి గుక్కకీ ఆగి, కళ్లు మూసుకుని, లోపల ఏమవుతోందో చూసుకుంది. ఏమీ కాలేదు. గంటాగి ఇంకో నాలుగు గుక్కలు. తనకైతే కుండ ఎత్తి గటగటా తాగెయ్యాలని ఉంది. కానీ రెండు వారాలు మంచాన పడ్డ మనిషి ఎంత తాగుతుందో అంతే తాగింది. సాయంత్రం కాస్త చిక్కటి జావ. ఆ రాత్రి ఒక్క కునుకు పట్టలేదు. "అక్కా, అరిగించుకో. అక్కా, అరిగించుకో" అని గొణుక్కుంటూనే ఉంది.

రెండో రోజు జావలో చిటికెడు మిరియప్పొడి. మూడో రోజు మెత్తగా పిసికిన అన్నం, రెండే ముద్దలు. వైనతేయ ఇంకా తగ్గలేదు. అవతల ఏమైందో చెప్పే మనిషి లేడు. అక్క లేచి కూర్చుందో, లేకపోతే అమ్మ అక్కని మంచం దింపి చాప మీద పడుకోబెట్టేసిందో. ఆ ఊహ వచ్చినప్పుడల్లా మంగాయి చేతిలో పని వదిలేసి, అప్పుడే నిద్రపోయిన పసివాణ్ని ఎత్తేసుకునేది. వాడు కయ్యిమనేవాడు.

నాలుగో రోజు పొద్దున్న మంగాయి ఇంకా ఏమీ తినలేదు. కాళ్లు చాపుకుని, పసివాణ్ని పిక్కల మీద వేసుకుని చెంబుతో నీళ్లు పోస్తోంది. పోస్తూ పోస్తూ చెయ్యి అలాగే ఆపేసింది. చెంబులో నీళ్లు కారిపోతున్నాయి.

నోట్లో మెత్తటి ముద్ద ఒకటి పడింది. తాను పెట్టుకున్నది కాదు. నెమ్మదిగా, నమలడానికి ఓపిక లేనట్టు, అటూ ఇటూ దొర్లి లోపలికి దిగింది. కొంచెం ఆగి ఇంకోటి. ఆగి ఇంకోటి.

"ఏమైందే? అలా కొయ్యబారిపోయేవు?" కనకమ్మ మంచం మీంచి లేచింది.

మంగాయి కళ్లలోంచి నీళ్లు బొటబొటా పసివాడి వీపు మీద పడుతున్నాయి. వాడికి అవీ స్నానం నీళ్లే.

"పెట్టేరు పిన్నీ! అక్క లేచింది. అక్క లేవడం చూసి, వైద్యుడు గారి కోసం ఆగకుండా అమ్మే అన్నం పెడుతోంది!"

"అక్కే అని ఎలా తెలుసే? బుల్లెమ్మ ఆగలేక తినేస్తోందేమో!"

మంగాయి ఇంకో ముద్ద దిగేదాకా ఆగింది. మొహం చిట్లించింది, పగలబడి నవ్వింది.

"పాత బియ్యం అన్నం పిన్నీ. ఉప్పు లేదు, కారం లేదు, ఉడకబెట్టిన బీరకాయ. ఈ చప్పిడి ఎవరు తింటారు పిన్నీ, చచ్చి బతికినవాళ్లు తప్ప!"