ఐదో వాగులో నీటికుక్క

కలప కోసం పెంచిన ఆ అడవిలో ఏడు వాగులున్నాయి. వాటి నీళ్లు వడకట్టడమే ఆమె ఉద్యోగం. వాగులో దిగిన ఏ ప్రాణైనా కాస్త చర్మమో, ఉమ్మో, పెంటో వదలకుండా పోదు. నీటిని పంపుతో సన్నని ఫిల్టర్ గుండా లాగి, ఆ ఫిల్టర్‌ను గొట్టంలో మూసి ల్యాబుకు పంపితే, అందులో చిక్కిన డీఎన్‌ఏను బట్టి ఏ జంతువు వచ్చిపోయిందో చెబుతారు. పోయిన నెల ఐదో వాగులో నీటికుక్క తేలింది. మరోసారి తేలిందంటే ఆ గట్ల మీద చెట్టు కొట్టడానికి వీల్లేదు.

అక్కడ చెట్లు కొట్టించే మేస్త్రీ స్వయానా ఆమె అక్క మొగుడు.

పట్టపగలే ఐదో వాగు దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆమె ఆ రోజు తీసిన మూడు గొట్టాలూ మూసి చేత్తో పట్టుకుని ఉంది.

"అవిలా ఇచ్చెయ్."

"ఇవ్వను బావా."

"కంటికి కనబడని కుక్క కోసం నలభైమంది కూలీల నోట్లో మట్టి కొడతావా?"

"గుట్ట మీద కొట్టుకోండి. అక్కడెవరూ వద్దనలేదుగా!"

జుట్టు పట్టి రాళ్ల మీదికి ఈడ్చాడు. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది. అయినా పిడికిలి విప్పలేదు. బూటుకాలితో మణికట్టు మీద తొక్కాడు. ఎముక పుటుక్కుమంది. రెండు గొట్టాలు జారి అతని కాలికింద నుగ్గయ్యాయి. మూడోదాని మీద ఆమె బోర్లా పడిపోయింది. డొక్కలో తన్నినా లేవలేదు. చివరికి మెడ పట్టుకుని తల నీళ్లలో ముంచాడు.

"ఈసారి నీ డీఎన్‌ఏ తేలుతుందిలే!"

ఊపిరి అందక కొట్టుకుంటున్న ఎడమచేతికి, సామాన్లు కడగడానికి తెచ్చుకున్న బ్లీచింగ్ డబ్బా తగిలింది. బొటనవేలితో మూత ఊడబెరికి వెనక్కి విసిరింది. అదంతా అతని మొహాన పడింది.

అతను పెట్టిన కేకకు చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. ఆమె కింద పడున్న గొట్టం తీసి రవికలో దోపుకుని పరుగందుకుంది. పది అడుగులేసి వెనక్కి చూసింది. రెండు గుప్పిళ్లతో కళ్లు నులుముకుంటూ, దారి తెలియక రాళ్లకు గుద్దుకుంటున్నాడు.

తిరిగొచ్చి అతని మెడ పట్టుకుని నీళ్లలోకి తోసింది. చంపేస్తోందనుకుని అతను మోచేత్తో ఆమె ముక్కు పగలగొట్టాడు.

"కళ్లు తెరువు! తెరువు, గుడ్డివాడివవుతావు!" అని అరిచింది.

ఒంటిచేత్తోనే తల ముంచుతూ, లేపుతూ, మళ్లీ ముంచింది. ఒకసారి మాత్రం లేపడం ఆలస్యం చేసింది. కడుగుతోందో కక్ష తీర్చుకుంటోందో ఆ కాసేపూ ఆమెకే తెలియలేదు. బుడగలు ఆగాక చటుక్కున పైకి లాగింది.

అతనికి ఒక కన్ను దక్కింది, ఒకటి పోయింది. మిగిలిన గొట్టంలో నీటికుక్క మళ్లీ తేలింది. నరికేవాళ్లు గుట్ట మీదికి మళ్లారు.

గొడవ జరిగిన రోజే ఆసుపత్రికి అక్క ఉరుకులు పరుగుల మీద వచ్చింది. "ఆయన కన్ను తీసేశావటే!" అంటూ చెయ్యెత్తింది. చెల్లెలి మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు చూసి, ఎత్తిన చెయ్యి దించి మంచం అంచున కూలబడింది. సాయంత్రం పోలీసులు అడిగితే దాచలేదు.

"దాని చేతులు విరిచి వస్తానని చెప్పే వెళ్లాడండీ. వేళాకోళమనుకున్నాను."

ఆ మాట మీదే అతనికి శిక్ష పడింది. చెల్లెలితో మాత్రం ఆవిడ ఇంతవరకూ మాట్లాడలేదు.