కుట్టకుండా వదిలిన రేకు

మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు కడిగి బోర్లించాక, కోడలు మహ్లియో తన గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంది. వాకిట్లో ద్రాక్షపందిరి కింద కూర్చుని ఖుబానీ పళ్లను ఎండబెట్టడానికి చీలుస్తున్న అత్తగారు హమ్రోబీబీ చెయ్యి ఆ చప్పుడికి ఆగింది. వరసగా ఇది తొమ్మిదో రోజు.

కోడలు కాసేపు తలుపేసుకుంటే కొంప మునిగిందా అని మీరు అడగవచ్చు. బుఖారా వైపు చిన్న ఊరైన నూరోటాలో, అందులోనూ ఆ వీధిలో, పట్టపగలు గడియ పెట్టుకునే అలవాటు ఎవరికీ లేదు. తలుపులకు తెరలుంటాయి. పిలిస్తే పలకాలి, పలికితే రావాలి. ఈ పిల్ల మాత్రం నవోయీ పట్నంలో నాలుగో అంతస్తులో పుట్టి పెరిగింది. ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది.

అనుమానానికి ఒక్క గడియ చప్పుడు చాలదు, దానికి తోడు కావాలి. వెతికేవాళ్లకు తోడు దొరక్కపోదు. పులిసిన పిండి అడిగి తెస్తానని పక్కింటి కుమ్రీ ముసలమ్మ దగ్గరికి వెళ్లిన కోడలు గంట దాటితే గాని తిరిగి రావడం లేదు. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని తిరుగుతోంది. అడిగితే చాకు కోసుకుందంటుంది. చాకు కోసుకుంటే ఒక వేలు తెగుతుంది గాని మూడు తెగుతాయా? హమ్రోబీబీ అన్నీ లెక్కపెట్టుకుంది. పైకి ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు పురుగు పట్టకుండా చేదాకు వేద్దామని ఆవిడ పెద్ద చెక్కపెట్టె తెరిచింది. తాళంచెవి వంటింట్లో పిండిడబ్బా వెనక మేకుకే ఉంది. అది అక్కడుంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. పైన దుప్పట్లు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. అడుగున ఉండవలసిన సుజానీ లేదు.

ఆవిడ దుప్పట్లన్నీ బయటికి తీసి మళ్లీ చూసింది. తన పెళ్లికి తనూ తల్లీ కలిసి నాలుగేళ్లు పట్టుదారంతో పూలు కుట్టిన గోడగుడ్డ అది. ముప్పై నాలుగేళ్లు భర్త కూర్చునే చోటికి వెనక, గోడకు వేలాడింది. రెండేళ్ల కింద ఆయన పోయిన వారానికి ఆవిడే దాన్ని దించి, మడిచి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. చూస్తే ఆయన గుర్తొస్తాడని. చూడకపోయినా గుర్తొస్తూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

మొన్న వసంతంలో బుఖారా నుంచి పాత కుట్టుపని గుడ్డలు కొనేవాడొకడు కారులో వచ్చాడు. వాడికి టీ పోసింది మహ్లియోయే. నవ్వుతూ మాట్లాడింది. వాడు ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం తీసుకున్నదీ మహ్లియోయే. ఇప్పుడు గడియ, గంటసేపు ఆలస్యం, వేళ్ల కట్లు, అన్నీ ఒక తాటి మీదికి వచ్చాయి. హమ్రోబీబీ పెట్టె మూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పళ్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

సాయంత్రం కొడుకు సిరోజ్ పాలరాయి కోసే కార్ఖానా నుంచి ఒళ్లంతా తెల్ల దుమ్ముతో వచ్చాడు. చేతులు కడుక్కుంటున్నవాడి పక్కన నిలబడి ఆవిడ గొంతు తగ్గించి సంగతి చెప్పింది.

"అడిగితే పోలేదా అమ్మా?"

"దొంగని అడిగితే నిజం చెబుతుందేంట్రా?"

"దొంగేంటమ్మా? మన మహ్లియో."

"మన అనకు. ఎనిమిది నెల్లకే మనదైపోయిందా?"

సిరోజ్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "నాన్న పోయిన దగ్గర్నుంచీ నన్నూ ఇలాగే చూస్తున్నావు. నా చొక్కా జేబులు వెతుకుతున్నావని నాకు తెలీదనుకున్నావా? పనికని మాస్కో పోతానేమో, టికెట్టు కొన్నానేమో అని. నేను ఎక్కడికీ పోవడం లేదు."

"రేపు నేనే తేలుస్తాలే," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కొడుకు కూడా పెళ్లాం పక్షమేనని కొత్త అనుమానం ఒకటి వెంట తీసుకెళ్లింది.

మర్నాడు కొడుకు పనికి వెళ్లాక ఆవిడ టీ కూజా తనే అందుకుంది. ఎప్పుడూ పోసేది కోడలు. ఆ ప్రాంతంలో టీ గిన్నెను సగానికి మించి నింపరు. తాగాక మళ్లీ పోస్తాం, ఇంకాసేపు కూర్చోమని దానర్థం. అంచుదాకా నింపి ముందు పెడితే, తాగేసి ఇక బయల్దేరమని. హమ్రోబీబీ అంచుదాకా నింపి కోడలి ముందు పెట్టింది.

పట్నంలో పెరిగినా ఆ మర్యాద మహ్లియోకు తెలుసు. పిల్ల ముఖం తెల్లబోయింది.

"అత్తయ్యా, నిండా పోశారు."

"చూసే పోశాను."

మహ్లియో గిన్నె ముట్టుకోలేదు. లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఒక చేత్తో బట్టల సంచీ, రెండో చంకలో గుడ్డ చుట్టా పట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వెళ్తాను. ఇది మాత్రం చూసి పంపించండి. శుక్రవారం మీరు లేచేసరికి గోడకు కట్టి ఉంచుదామనుకున్నా."

చుట్ట విప్పి బల్ల మీద పరిచింది. సుజానీ. అమ్ముడుపోలేదు, చిరగలేదు. దానిమ్మలు, ఎర్రపూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. హమ్రోబీబీ గుండె కుదుటపడింది. ఆ ఊరట నిమిషమైనా నిలవలేదు. కింది మూలకు చూపు పోగానే ఆవిడ ముందుకు వంగి చూసింది.

ఇన్నేళ్లూ మూలపువ్వుకు అయిదో రేకు కుట్టి లేదు. ఉండకూడదు. ఆ ఊళ్లో ఏ తల్లీ కూతురి పెళ్లి సుజానీని పూర్తిగా కుట్టదు. ఎక్కడో ఒక ఆకో రేకో గీత గీసి కుట్టకుండా వదిలేస్తుంది. పని ముగిస్తే ఇంటి సంతోషం కూడా ముగుస్తుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు ఆ అయిదో రేకు నిండుగా, ఎర్రగా ఉంది.

"ఎంత పని చేశావే," అంది హమ్రోబీబీ. కత్తెర అందుకుంది. "నా ఇల్లు మూసేశావు."

"నేనేం చేశాను? ఆ ఒక్క రేకే మిగిలిపోయింది. మామయ్య రెండో సంవత్సరీకం నాడు మీరు పెట్టె తీసి, దాని మీద వేలు పెట్టి 'ఇది ఇలాగే ఉండిపోయింది' అని ఏడుస్తుంటే చూశాను. చూపు ఆనక కుట్టలేకపోయారేమో, అదే మీ దిగులేమో అనుకున్నా. కుమ్రీ మామ్మ దగ్గర కుట్టు నేర్చుకున్నా. పదిసార్లు విప్పి కుట్టాను."

గోడ అవతలి నుంచి అన్నీ వింటున్న కుమ్రీ ముసలమ్మ అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది. ఊళ్లో పెళ్లికూతుళ్లందరి సుజానీలకూ కలంతో బొమ్మ గీసి ఇచ్చేది ఆవిడే. డెబ్బై ఆరేళ్లు. ఆవిడ మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఆ వీధిలో లేరు.

"కత్తెర కింద పెట్టు హమ్రో."

"చూశావా అక్కా, ఏం చేసిందో?"

"చూశాను. పొరపాటే, ఒప్పుకుంటా. పాత గుడ్డ మీద కుట్టు నేర్పించాను గాని, ఎందుకని నేనూ అడగలేదు. నాలుగో అంతస్తు పిల్లకి ఈ సంగతి ఎవరు చెప్పాలి? నువ్వు చెప్పాలి. చెప్పావా?"

"తను అడగలేదుగా."

"తను అడగలేదు, నువ్వు చెప్పలేదు. తను తలుపేసుకుంది, నువ్వు కాపలా కాశావు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లు చేసే పనేనా ఇది?" ముసలమ్మ ఆయాసంతో బల్ల అంచున కూలబడింది. "మీ అమ్మ ఆ రేకు ఎందుకు వదిలింది? ఇంట్లో సంతోషం ఇంకా రావలసి ఉందని రోజూ నీకు కనబడాలని. నువ్వు దాన్ని మడిచి పెట్టెలో వేసి తాళం పెట్టావే, ఆ రోజే ఆ రేకు మూసుకుపోయింది. ఈ పిల్ల సూది తర్వాత వచ్చింది."

హమ్రోబీబీ ఆ రేకు మీద చెయ్యి వేసింది. కుట్లు వంకరగా ఉన్నాయి. అంచున తెల్లగుడ్డ మీద చిన్న గోధుమరంగు మరక ఉంది. సూది గుచ్చుకున్న నెత్తురు. ఇన్నాళ్లూ తను దొంగ గుర్తులుగా చూసిన వేళ్ల కట్ల వైపు ఆవిడకు ఇప్పుడు చూడబుద్ధి కాలేదు.

"నాకు భయం అక్కా," అంది చివరికి. ఆ మాట అంటున్నానని ఆవిడకే తెలియలేదు. "ఆయన పోయిన దగ్గర్నుంచీ తర్వాత పోయేది ఏదా అని చూస్తున్నా. వాడు పోతాడేమో, ఇది పోతుందేమో. నేనే ముందు పంపించేస్తే బాధ ఉండదనుకున్నానేమో."

మహ్లియో సంచీ ఇంకా కింద పెట్టలేదు. "నన్ను దొంగనుకున్నారా?"

"అనుకున్నా."

"మీ అబ్బాయితో కూడా అన్నారా?"

హమ్రోబీబీ తల వంచుకుంది. "అన్నాను. వాడు నమ్మలేదు." తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది. "తప్పు నాది. వెళ్లకమ్మా. నువ్వు వెళ్తే నాకు దిగులుగా ఉంటుంది."

"ఒక్క మాట అడిగుంటే చెప్పేసేదాన్ని కదా. దాచుకోవడం నాకూ కష్టంగానే ఉండింది." పిల్లకు ఇప్పుడు ఏడుపొచ్చింది. "ఇకమీదైనా అడుగుతారా?"

"అడుగుతాను. నువ్వూ నన్ను అడుగు."

సంచీ నేల మీదికి దిగింది. ఆ కోపం పూర్తిగా పోవడానికి ఇంకో నెల పట్టిందని, మధ్యలో రెండు పూటలు కోడలు అత్తతో మాట్లాడలేదని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

రేకును ఎవరూ విప్పలేదు. సుజానీలను పీలికలుగా కుట్టి అతకడం ఎలాగూ ఉన్నదే కనక, ఆ మధ్యాహ్నమే ఒక జానెడు కొత్త గుడ్డ తెచ్చి కింది అంచుకు కలిపారు. కుమ్రీ కళ్లజోడు సరిచేసుకుని దాని నిండా, ఇకముందు కుట్టుకోవడానికి మిగిలేలా, దానిమ్మ తీగ గీసింది. ముగ్గురూ కలిసి దాన్ని పాతచోటనే, ఆయన కూర్చునే చోటికి వెనక గోడకు కట్టారు.

సాయంత్రం సిరోజ్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి తల్లీ భార్యా గోడ ముందు నిలబడి వాదించుకుంటున్నారు.

"దానిమ్మకు ఊదారంగేంటే? ఎక్కడైనా చూశావా?"

"ఎక్కడా లేదనేగా అత్తయ్యా అంటున్నాను."

"మీ మామయ్య ఉంటే నీ మాటే నెగ్గించేవాడు," అని హమ్రోబీబీ నవ్వింది. ఆయన పేరెత్తి ఆవిడ నవ్వడం కొడుకు రెండేళ్లలో వినలేదు. సిరోజ్ దుమ్ము కూడా దులుపుకోకుండా గుమ్మంలోనే ఉండిపోయాడు.

పెద్దలిచ్చిన సొత్తు పెట్టెలోనూ, మనసులోని దిగులు గుండెలోనూ తాళం వేసి దాచుకున్న ఇంట్లోకి సుఖం రాదు. రెంటినీ బయటికి తీసి నలుగురి మధ్య పరిచి, ఒకరినొకరు మాట అడిగి చెప్పుకున్న ఇంట్లో అది ఏ రోజుకారోజు దొరుకుతుంది.