దుబాసీ దిద్దిన జవాబు

వీసా ఆఫీసు నాలుగో అంతస్తులో టీచర్లను ఇంటర్వ్యూ చేసే గది ఉంది. అందులో ఆఫీసరుకీ అభ్యర్థికీ మధ్య ఓ పక్కగా వేసిన కుర్చీ దుబాసీది. పదకొండేళ్లుగా అందులోనే కూర్చుని ఆయనకి కళ్లు నెత్తికెక్కాయి. ఇటువాళ్ల మాట అటు, అటువాళ్ల మాట ఇటు చేరవేయడమే ఆ ఉద్యోగం. ఉన్నదున్నట్టు చేరవేయడానికి తనేమైనా బంట్రోతా అని ఆయన ఉద్దేశం.

టీచర్లంటే ఆయనకి మహా చులకన. పరాయిదేశంలో స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలకి మన భాషలో పాఠాలు చెప్పడానికి వెళ్తామంటారు, ఎందుకు వెళ్తున్నారో నాలుగు ముక్కలు చెప్పడం చేతకాదు. క్లాసులో గొంతు చించుకునే మనుషులు ఇక్కడ ఫైలు ఒళ్లో పెట్టుకుని నీళ్లు నములుతారు. 'మా బడి మూతపడిందండీ' అని ఒకాయన అంటే, దుబాసీ లోలోపల ముక్కు చిట్లించి, 'నా అనుభవాన్ని విస్తరించుకోవాలని ఉంది' అని అటు చెప్పేవాడు. 'అల్లరి చేస్తే బయట నిలబెడతా'నని ఒకావిడ అంటే, 'ఓర్పుగా, ప్రేమగా దారిలో పెడతాను' అని చెప్పేవాడు. ఆ ఓర్పూ ప్రేమా ఆయన స్వయంగా చెక్కుకున్న ముక్క. చెక్కమని ఎవరూ అడగలేదు, బాగుందని ఎవరూ అనలేదు. ఆ లోటు లేకుండా తనని తనే మెచ్చుకునేవాడు. అయినా ఆ టీచర్లలో చాలామందికి వీసా రాలేదు. తను ఇంత చేసినా గట్టెక్కలేదంటే ఎంత మొద్దులో అనుకునేవాడు.

ఆ రోజు వంతు ఆయన మరదలిది. భార్యకి స్వయానా చెల్లెలు, లెక్కల టీచరు. ఆమె బడిని ఇంకో బడిలో కలిపేసి ఉద్యోగం ఊడగొట్టి మూడేళ్లు కావస్తోంది. ఇది మూడో ఇంటర్వ్యూ. మూడుసార్లు కాదంటే ఇక దరఖాస్తు పెట్టే వీల్లేదు. బంధువుల ఇంటర్వ్యూలో దుబాసీ కూర్చోకూడదని రూలుంది. ఆయన చుట్టరికం దాచి, డ్యూటీ మార్పించుకుని మరీ మూడుసార్లూ ఆ కుర్చీలో కూర్చున్నాడు. తను పక్కన లేకపోతే ఆ ముక్కుసూటి మనిషి కొంప ముంచుకుంటుందని ఆయన నమ్మకం. ఆ సాయం సంగతి అత్తవారింట్లో ఎవరూ మర్చిపోకుండా చూసుకుంటున్నాడు కూడా.

ఆఫీసరు ఆ నెలలోనే వచ్చిన కొత్తావిడ. సర్టిఫికెట్లు తిరగేసి పక్కన పెట్టి, ఒకటే ప్రశ్న అడిగింది. ఎంత చెప్పినా ఒక పిల్లకి లెక్క ఎక్కలేదనుకోండి, అప్పుడేం చేస్తారు?

మరదలు ఫైలు ఒళ్లో సర్దుకుని చెప్పింది.

"నిజం చెప్పాలంటే కోపమొస్తుందండీ. ముందు ఆ పిల్ల మీద, తర్వాత నా మీద. మళ్లీ మొదట్నుంచీ చెప్తాను. అప్పటికీ రాకపోతే పక్క పిల్లని లేపి బోర్డు దగ్గరికి పంపించి, నేను వెళ్లి వెనక బెంచీలో కూచుంటాను. చాలాసార్లు నాకంటే వాళ్లే బాగా చెప్తారు. భిన్నాలు ఎలా చెప్పాలో నేనొక పిల్ల దగ్గరే నేర్చుకున్నాను."

దుబాసీకి ఒళ్లు మండింది. కోపమొస్తుందట. తనకంటే పిల్లలే బాగా చెప్తారట. ఉద్యోగం అడగడానికొచ్చి నాకు పని రాదని ఎవరైనా చెప్పుకుంటారా? ఆయన గొంతు సవరించుకుని, పిల్లలతో ఓర్పుగా, ప్రేమగా ఉంటాను, ఆధునిక పద్ధతుల్లో బోధిస్తాను అని ఆఫీసరుకి అప్పజెప్పాడు. ఆవిడ మరదలి ముఖంలోకీ ఆయన ముఖంలోకీ మార్చి మార్చి చూసి, ఏదో రాసుకుని, అభ్యర్థిని బయట కూర్చోమంది.

తలుపు పడ్డాక ఆవిడ మరదలి పాత ఇంటర్వ్యూ కాయితాలు బయటికి తీసి దుబాసీ ముందు పెట్టింది. నిరుడు పాత ఆఫీసరు రాసుకున్న కాయితంలో అదే వాక్యం. అంతకు ముందేడాది కాయితంలోనూ అదే.

"మీ టీచర్లలో నూటికి తొంభైమంది ఈ ముక్కే అంటారు," అంది. "ఇది వినబడితే కొట్టెయ్యమని మాకు పైవాళ్లే చెప్పారు. మాకు కావలసింది నిజంగా క్లాసులో నిలబడ్డ మనిషి. ఈవిడ అంతసేపు మాట్లాడుతుంటే ఏదో ఉందనిపించింది. మీ భాషలో కూడా ఆవిడ అన్నది ఇంతేనా?"

ఒక్క మాట చాలు, మరదలు గట్టెక్కుతుంది. ఆ సంగతి దుబాసీకి తెలుసు. ఆ మాటతో తన కుర్చీ పోతుందనీ తెలుసు. ఈ పదకొండేళ్లలో ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుముఖం పట్టిన వాళ్లంతా వరసగా కళ్ల ముందు కదిలారు. వాళ్లని ముంచింది వాళ్ల మోటు మాటలు కాదు, తన నాజూకు మాటలు. అది ఒప్పుకోవాలంటే సిగ్గుండాలి. ఆయన అంతదూరం వెళ్లలేదు.

"ఇంతేనండీ," అన్నాడు. "బట్టీ పట్టడం తప్ప మావాళ్లకి ఏమొచ్చు?"

ఆవిడ నిట్టూర్చి కాయితం మీద తిరస్కరణ ముద్ర వేసింది.

వరండాలో ఆయన్ని చూడగానే మరదలు లేచి నిలబడింది. ముఖం చూసి విషయం గ్రహించింది. ఖాళీలు నిండిపోయాయట, నీ తప్పేమీ లేదు అని ఆయన ఓదార్చాడు. లోపల తను చెప్పినదంతా ఆవిడకి అర్థమైందా అని ఆమె అడిగింది. అక్షరం పొల్లుపోకుండా చెప్పానన్నాడు. ఆమె ఫైలు తాడు ముడి వేసి, మళ్లీ విప్పింది.

"నాకే మాట్లాడ్డం రాదు బావగారూ," అంది చివరికి. "మీరు పక్కనుండబట్టి నా మాటలకి ఆ మాత్రం మర్యాదైనా దక్కింది. మీ మేలు మర్చిపోను."

కాదనడానికి ఆయన నోరు తెరిచాడు. ఆమె చేతులు జోడించింది.

"ఇంట్లోవాళ్లకి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అమ్మా," అన్నాడు దుబాసీ.