ఎడమ చెవిలో రత్నకుమార్ అంకుల్

ఉక్కు మిల్లు పనికి తెలుగువాళ్ళు వలసొచ్చి స్థిరపడ్డ హిందీ ఊళ్ళో, బిష్టుపూర్‌లో, ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే బెట్సీకి ఇంకో పని కూడా ఉంది. దానికి జీతం లేదు. చవక రకం ఇయర్‌ఫోన్స్ తెప్పించి, ఫోనుకు తగిలించి విని, ఎలా ఉన్నాయో యూట్యూబ్‌లో చెబుతుంది. తెలుగులో మొదలుపెట్టి సగంలో హిందీలోకి జారిపోతుంది కాబట్టి తెలుగువాళ్ళు హిందీ ఎక్కువైందని తిడతారు. హిందీవాళ్ళేమో మొదట్లో మాట్లాడింది ఏ భాష అని అడుగుతారు. అయినా ఇద్దరూ మానకుండా చూస్తారు, ఎందుకంటే బెట్సీ నోటికి అడ్డూ ఆపూ లేదు. ఒక సెట్టు గురించి, "బాస్ ఎలా ఉందంటే, పక్కింటివాడు మన గోడకి మేకు కొడుతున్నట్టుంది," అంది. ఇంకోదాని గురించి, "పాడే అమ్మాయి జలుబు చేసి దుప్పట్లో దూరినట్టుంది, ఎవరైనా ఆవిరి పట్టించండి," అంది. బయటి చప్పుడును ఏ సెట్టు ఎంత ఆపుతుందో తేల్చడానికి ఆమెకో సొంత పరీక్ష ఉంది. లోపల డాక్టరుగారు ఎవరి దవడ పన్నో తొలుస్తుంటే అది పెట్టుకుని కూర్చుంటుంది. డ్రిల్లు వినిపించకపోతే మంచి మార్కులు. పేషెంటు కేక కూడా వినిపించకపోతే ఫుల్ మార్కులు.

చిక్కల్లా పాటలతోనే. సినిమా పాట వాడితే వీడియో తీసేస్తారు. అందుకని అదే ఊళ్ళో బర్మామైన్స్ పేటలోని తెలుగు చర్చిలో క్వయిర్ ప్రాక్టీసును తనే ఫోన్లో రికార్డు చేసుకుంది. వాళ్ళమ్మ డార్కస్ ఆ క్వయిర్‌లో పాడుతుంది. ఆ రోజు బెట్సీ ఫోనును కిటికీ గట్టు మీద అడ్డంగా నిలబెట్టింది. ఆ గట్టు పక్కనే, అందరికీ ఎడమవైపున, రత్నకుమార్ నిలబడతాడు.

రత్నకుమార్ ఉక్కు కంపెనీ రోలింగ్ మిల్లులో చేసి రిటైరై, బారిడీహ్‌లో స్థిరపడ్డ మనిషి. ఛాతీ, మీసం, ఇస్త్రీ చొక్కా, మూడూ ఆయనకన్నా ముందు గుమ్మంలోకి వస్తాయి. క్వయిర్‌కి ఆయనే పెద్ద. మగవాళ్ళలో పై గొంతు ఆయనదే. ఆ చర్చిలో టెనర్ అన్న మాట ఆయనకి ఇంటిపేరులా అతుక్కుపోయింది. పాడేటప్పుడు నోరు ఎంత తెరుస్తాడంటే, బెట్సీకి వృత్తిధర్మంగా ఆయన వెనక పళ్ళు పరీక్ష చేయాలనిపిస్తుంది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆమెకొక కొత్త సెట్టు వచ్చింది. వైరుది. కంపెనీ పేరు పలకడానికి నోరు తిరగదు. రబ్బరు టిప్పులు తన చెవులకి సరిపోయేవి మార్చి, బిగించుకుని, క్వయిర్ పాట పెట్టింది. చవకదే గాని, విని ఉలిక్కిపడింది. ఎవరి గొంతు వాళ్ళది విడివిడిగా ఉంది. ఎవరెక్కడ నిలబడ్డారో వేలు పెట్టి చూపించొచ్చు. మధ్యలో రత్నకుమార్ భార్య జయమణి, కుడివైపు అమ్మ, వెనకాల చందు వాయించే కీబోర్డు. ఇక ఎడమవైపు రత్నకుమార్ అంకుల్ ఉండాలి.

ఎడమవైపు ఎవరూ లేరు.

మళ్ళీ పెట్టి విన్నది. ఎడమవైపు ఊపిరి ఉంది. చరణానికి ముందు గొంతు సవరింపు ఉంది. పాట మంచి ఊపులో ఉన్నచోట, పిప్పరమెంటు బిళ్ళ ఒక దవడ నుంచి ఇంకో దవడకి పళ్ళకు తగులుతూ వెళ్ళిన చప్పుడుంది. గొంతే లేదు.

ఇంకెవరైనా అయితే ఆ సంగతి కడుపులో దాచుకునేవారు. బెట్సీ వీడియో పెట్టింది. "ఈ రేటుకి ఇంత వివరం నేనెప్పుడూ వినలేదు. మా రికార్డింగులో ఎడమవైపు ఒక అంకుల్ పాటంతా నోరు ఆడిస్తూ పిప్పరమెంటు చప్పరించారు. ఈ సెట్టు పెట్టుకుంటే అది పుదీనా రకమో నిమ్మ రకమో కూడా చెప్పేయొచ్చు."

మర్నాటికల్లా ఆ వీడియో చర్చి వాట్సాప్ గ్రూపులో, పాస్టరుగారు పెట్టిన ఉదయపు బైబిలు వాక్యానికి సరిగ్గా కింద, చేరింది.

"ఏటే ఇది?" డార్కస్ ఫోను కూతురి మొహం మీద పెట్టింది. "పెద్దాయన్ని నవ్వులపాలు సేసీసినావు! ఆదివారం ఆయనతో కలిసి నిలబడాల్సింది నేను. నీకేటి, ఎనకబల్లలో కూకుంటావు."

"మైనే నామ్ థోడీ లియా, మమ్మీ," అంది బెట్సీ. పేరెక్కడ చెప్పానని.

"పేరు సెప్పాలేటి? ఎడం పక్కన ఇంకెవులున్నారు, కిటికీయా?"

ఆదివారం ఆరాధన అయిపోయాక రత్నకుమార్ క్వయిర్‌లో ఒక్కరినీ కదలనివ్వలేదు. పాస్టరుగారిని కుర్చీలో కూర్చోబెట్టాడు. బెట్సీని ఎదురుగా నిలబెట్టాడు.

"అయ్యా, మీరే తీర్పు సెప్పండి. ఇన్నేళ్ళు దేవుడి పాట పాడినోడి మీద ఈ పిల్ల ఒక వైరుముక్క సేత సాక్షం సెప్పించింది. అదే వైరుముక్కతో అందరూ ఇనండి. నా గొంతు ఉందో నేదో తేలిపోద్ది."

ఇయర్‌ఫోన్స్ చేతులు మారాయి. ఒకరు చెవిలోంచి తీస్తే ఇంకొకరు కొంగుకు తుడిచి పెట్టుకున్నారు. కాసేపటికి ఆ రబ్బరు టిప్పుల్లో చర్చి సభ్యత్వమంతా చేరింది. రత్నకుమార్ గొంతు లేదని మాత్రం ఒక్కరూ అనలేదు. ఎవరికి వాళ్ళకి వేరే ఏదో దొరికింది. జయమణి తన గొంతు తను విని, "ఓలమ్మో, నేనిలాగ పాడతానేటి, ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదేం?" అంది. చందు తప్పు మెట్టు ఒకటి విని, అది తనది కాదు, కీబోర్డుదన్నాడు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని చివరి ప్రార్థన దాకా విన్నారు.

"ఇక్కడెవరో ఆవులించారు," అన్నారు. "నా ఆమెన్ కంటే పొడుగ్గా ఉంది."

ఎవరూ ఒప్పుకోలేదు. వంతు రత్నకుమార్‌కి వచ్చింది. ఆయన రెండూ చెవుల్లోకి కుక్కుకుని, చేతులు కట్టుకుని, "పెట్టు," అన్నాడు.

"పెట్టాను అంకుల్."

"పెట్టమ్మా, ఎంతసేపు?"

పాట అప్పటికే సగంలో ఉంది. బెట్సీ సౌండు పెంచింది. ఆయన మొహంలో మార్పు లేదు. ఇంకా పెంచింది. ఇంత గట్టిగా వింటే చెవులకి మంచిది కాదని ఫోను హెచ్చరించింది. సరేనని నొక్కి చివరికంటా పెంచింది. ఆయన చెవుల్లోంచి పొర్లిన పాట దోమల గుంపులా గదంతా వినబడుతోంది.

"ఆఁ, ఇప్పుడు సన్నగా వత్తంది," అన్నాడు రత్నకుమార్. శ్రద్ధగా విన్నాడు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది. "సూసారా! నా గొంతే కాదు, ఆడోళ్ళ గొంతులూ నేవు! ఏదో గొణుగుతన్నారు గాని ఒక్క మాటా తేటగా నేదు. ముందు ఆళ్ళని అడగండి!"

చెవులు మూసుకుపోయి ఉన్నాయి కాబట్టి ఆ మాట వీధిలోకి వినబడేలా అన్నాడు. చందు కీబోర్డు వైరు చుట్టడం మొదలుపెట్టి, చుట్టింది విప్పి మళ్ళీ చుట్టాడు. జయమణి తలెత్తలేదు.

బెట్సీ నాలుక చివర ఒక జోకు ఉంది. మంచిదే, వీడియోలో పెడితే వేలమంది చూసేవారు. దాన్ని మింగేసింది. మింగడం ఆమెకి అలవాటు లేని పని.

"సెట్టే ఖరాబ్ అంకుల్," అంది, ఆయన చెవుల్లోంచి అవి తీసుకుంటూ. "ఎడమవైపుది పోయింది. చవకది కదా. వీడియో తీసేస్తాను."

"నేను సెప్పనేదా!" అని రత్నకుమార్ పాస్టరుగారి చెయ్యి పట్టి ఊపి, ఎన్నికల్లో గెలిచినవాడిలా స్కూటరెక్కాడు.

రెండు రోజుల తర్వాత జయమణి బిష్టుపూర్‌లో క్లినిక్కుకి వచ్చింది. చెంప మీద చెయ్యి పెట్టుకుని బెట్సీ ఎదురుగా కూర్చుంది.

"ఏ పన్ను ఆంటీ?"

"పన్ను నేదు గిన్ను నేదు," అని చెయ్యి తీసేసింది. "నువ్వు అబద్ధం ఆడినావు కదేటి. బాగుంది. నాకూ అబద్ధాలాడి నోరు అరిగిపోనాది."

ఆమె చెప్పింది బెట్సీ సగం ఊహించిందే. "టీవీ పెడితే వీధిలో ఆటోవోడు వార్తలు ఇనీసి ఎల్తన్నాడు. టీవీ సెడిపోయిందంటాడు ఈయన. మిల్లులో రొదకి సెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలిచ్చేవోరు. మగోడికెందుకవి అని జోబులో యేసుకు తిరిగేవోడు. బట్టలుతికినప్పుడల్లా నేను తీసి ఎండబెట్టీదాన్ని. మొన్న ఈస్టరుకి పాట ఎత్తితే అందరిదీ ఒక దారి, ఈయనదొక దారి. ముందు బల్లలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచీ నోరే ఆడిత్తన్నాడు. డాక్టరు దగ్గిరికి పదమంటే సెవిటోడంటారని రాడు."

"నోరు ఆడిస్తున్నారని మీకు ముందే తెలుసా ఆంటీ?"

"ఆయనతో కాపరం సేత్తన్నానమ్మా. తెలీదేటి?"

లోపల డ్రిల్లు ఆగింది. ఎవరో మూలిగారు. బెట్సీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె బారిడీహ్ వెళ్ళి, తన ఛానెల్లో రివ్యూ చెప్పడానికి సంగీతం తెలిసిన పెద్దమనిషి కావాలని రత్నకుమార్‌ని బతిమాలింది. ఆయన ఎక్కువ బతిమాలించుకోలేదు. ఇంకో ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. బెట్సీ కొత్త ఇయర్‌ఫోన్స్ పెట్టి, ఫోన్లో ఒక యాప్ తెరిచింది. చెవిలో ఒక కూత వస్తుంది. వచ్చినప్పుడల్లా తెర మీద నొక్కాలి. లావు కూతతో మొదలై పోను పోను సన్నబడుతుంది.

"ఇది ట్రెబుల్ టెస్టు అంకుల్, సన్న కూతలు ఎంతవరకు పలుకుతాయో చూడ్డానికి."

ఆయన మొదట టకటకా నొక్కాడు. తర్వాత వేలు గాల్లో ఆగింది. ఆగి, అలాగే ఉంది. "అయిపోయిందా?" అన్నాడు కాసేపటికి. కాలేదు. యాప్ ఇంకా కూస్తూనే ఉందని తెర చెబుతోంది.

"ఆంటీ, మీరూ ఒకసారి," అంది బెట్సీ.

జయమణి పెట్టుకుంది. నొక్కింది. ఆయన ఆగినచోట ఆగలేదు. నొక్కుతూనే ఉంది. రత్నకుమార్ మొదట కిటికీలోకి చూశాడు. తర్వాత భార్య వేలునే చూడసాగాడు.

"ఇప్పుడూ కూత్తందేటి?" అన్నాడు.

"కూత్తంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ."

ఆమె వేలు చివరిదాకా వెళ్ళి ఆగింది. కెమెరా కట్టేయమన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు. బెట్సీ కట్టేయడమే కాదు, తీసినదాన్ని ఆయన చూస్తుండగానే చెరిపేసింది. జయమణి టీ పెట్టడానికి లేచింది గాని, వెళ్ళకుండా ఆయన కుర్చీ వెనకే నిలబడిపోయింది.

"అయితే ఆ రోజు ఆ సెట్టు బాగానే ఉందన్నమాట," అన్నాడు రత్నకుమార్.

"బాగానే ఉంది అంకుల్."

"ఆడోళ్ళూ పాడేరు."

"పాడారు."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. "నువ్వు మరీ దొంగపిల్లవే," అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో బెట్సీకి తెలియలేదు. రెండూ అనుకుని టీ తాగి వచ్చేసింది.

తర్వాతి ఆదివారం ఆయన క్వయిర్‌లో నిలబడలేదు. ఒంట్లో బాగోలేదని జయమణి చెప్పింది. బెట్సీ ఆ వారమంతా ఒక్క వీడియో కూడా పెట్టలేదు. ఇక ఆయన పాటా పోయింది, మాటా పోయింది అనుకుంటుండగా ఫోన్ మోగింది.

"రివ్యూ సేద్దాం రా," అన్నాడు రత్నకుమార్. "మిషను పెట్టించుకున్నాను."

చెవి మిషను మీద ఆయన చెప్పిన రివ్యూ ఆ ఛానెల్లో అన్నిటికంటే ఎక్కువమంది చూశారు. "బాస్ నేదు," అన్నాడు కెమెరాలోకి కోపంగా చూస్తూ. "ట్రెబుల్ మాత్రం మహా ఎక్కువ. స్టీలు గిన్ని కింద పెడితే తుపాకీ పేలినట్టుంటాది. ఫ్యాను ఇంత వాగుతాదని నాకు తెలీదు. మా ఇంటిది నెమ్మదిగా మాటాడే మనిషనుకున్నాను, అది కూడా మిషను లోపమే. పిట్టలు మాత్రం బాగున్నాయి. పొద్దున్నే మా పెరట్లో ఇన్ని పిట్టలున్నాయని ఎవులూ సెప్పనేదు." పిట్టల దగ్గర గొంతు కాస్త తడబడింది. దాన్ని కత్తిరించమన్నాడు. బెట్సీ కత్తిరిస్తానని చెప్పి ఉంచేసింది. కింద కామెంట్లలో అంకుల్‌ని మళ్ళీ తీసుకురమ్మని అందరూ అడిగారు.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి ఆయన తిరిగొచ్చాడు. చందు మెట్టు ఇచ్చాడు. చాలా రోజుల తర్వాత రత్నకుమార్ గొంతు విప్పాడు.

గొంతు పెద్దదే. కిటికీ తలుపులు ఒకసారి వణికాయి. శృతి విషయానికొస్తే, ఆయనున్నది సరైన వీధిలోనే గాని ఇల్లు వేరు. పక్కనున్నవాళ్ళు తమ గొంతు తమకి వినబడక ఇంకా గట్టిగా పాడారు. వాళ్ళని మించాలని ఆయన మరింత పెంచాడు. జయమణి మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, పాడుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆపలేదు.

చరణానికీ చరణానికీ మధ్య డార్కస్ పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డ కూతురి వైపు వంగి, పెదాలు కదిలీ కదలకుండా, "ముందే బాగుండీదే," అంది.

"డార్కసమ్మా," అన్నాడు అటు చివర నుంచి రత్నకుమార్, తల కూడా తిప్పకుండా. "ఇనబడింది."

డార్కస్ పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. చందు పగలబడి నవ్వి మెట్టు తప్పాడు. రత్నకుమార్ మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా, కీబోర్డు కోసం కూడా ఆగకుండా, తర్వాతి చరణం ఎత్తుకున్నాడు.