రెండు గ్లాసుల నీళ్ళు

మట్టి పరీక్షలు చేసే ల్యాబులో గాజు సామాను కడగడం ఆమె పని. అందరూ సీసాలమ్మాయి అంటారు. ఎనిమిది నెలల పాపను అత్తగారికి అప్పగించి వస్తుంది. చేతులు సబ్బు నీళ్ళలో, ప్రాణం ఇంటి దగ్గర.

ఇంటి వెనక గోడకు నాలుగడుగుల దూరంలో రెండు నిలువుల ఎత్తు మట్టిగట్టు ఉంది. గోడకు ఇవతల పాప ఉయ్యాల. నిరుటి వానలకు గట్టులో కన్నాలు పడ్డాయి. అప్పటినుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు.

"ఎలుకలు తవ్వుంటాయి. నీకు ఆకు కదిలినా భయమే," అంటాడు భర్త.

ఆదివారం ఉండబట్టలేక, ల్యాబులో మాస్టారు చేసినట్టే గట్టులోంచి శనగగింజంత మట్టిగడ్డను తీసి గ్లాసు నీళ్ళలో వేసింది. నీళ్ళు పాలలా మారితే అది వానకు కరిగి కూలే చెడ్డమట్టి అని ఆయన చెప్పగా విన్నది. గంటసేపు కాపలా కాసింది. గడ్డ విరిగి అడుగున కూర్చుంది, నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి.

"మా ఇంట్లో సైంటిస్టు పుట్టిందే!" అన్నాడు భర్త. ఆ మధ్యాహ్నం ఆమె ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

సోమవారం ఆ సంగతి మాస్టారికి చెప్పింది.

"ఏ నీళ్ళు పోశావమ్మాయ్?"

"మా బోరు నీళ్ళే మాస్టారూ."

"ఉప్పగా ఉంటాయా?"

"టీ కూడా ఉప్పగానే ఉంటుందండీ."

ఆయన కళ్ళజోడు తీశారు. "అదే పొరపాటు. బంకమట్టి రేణువులకు సున్నం పట్టుంటే ఒకదాన్నొకటి వదలవు. సోడియం పట్టుంటే మంచినీళ్ళు తగలగానే వేరుకాపురాలు పెట్టేస్తాయి. ఉప్పునీళ్ళలో మాత్రం ఆ మట్టి కూడా అత్తగారి ముందు కోడలల్లే బుద్ధిగా ఉంటుంది. వాననీళ్ళలో ఉప్పుంటుందా?"

ఆమెకు నిన్నటి నిద్రమత్తంతా దిగిపోయింది.

"గట్టు ఇంజనీరుకు చూపించండి. అంతదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు," అని ఆయన, మళ్ళీ పరీక్షించి చూడమని ఉప్పు లేని డిస్టిల్డ్ వాటర్ ఇచ్చారు. పట్టుకెళ్ళడానికి ఆమె సంచిలో ఉన్నది, కొత్త నిపిల్ కొలతకని తెచ్చిన పాప ఖాళీ పాలసీసా ఒక్కటే. దాన్ని అదే నీళ్ళతో రెండుసార్లు కడిగి నింపుకుంది.

సాయంత్రం చెబితే భర్త విసుక్కున్నాడు. "నిన్న మంచిమట్టన్నావ్. ఇవాళ చెడ్డదంటున్నావ్. రేపేమంటావ్?"

ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సోడియం సంగతి ఆమె నోట్లో సగంలోనే చిక్కుకుంది. ఇక వాదించే ఓపిక లేక రెండు గ్లాసులు బల్లమీద పెట్టింది. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో సీసా నీళ్ళు. రెండింటిలోనూ గట్టు మట్టే.

పది నిమిషాలకు రెండో గ్లాసులో గడ్డ చుట్టూ తెల్లటి పొగ లేచింది. మెల్లగా గ్లాసంతా అలుముకుంది. పాలపొడి కలిపినట్టే ఉంది. మొదటి గ్లాసు తేటగానే ఉంది.

భర్త వంగి రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

అత్తగారు పాపను చంకనేసుకుని వెనకగదిలోకి నడిచింది. "ఒరేయ్, తర్వాత చూద్దువు గానీ. వచ్చి ఉయ్యాల కొక్కెం విప్పు. ముందుగదిలో నీ మంచం అటు జరగాలి."

ముందుగదిలోంచి మంచం ఈడ్చిన చప్పుడు వింటూ ఆమె రెండు గ్లాసులూ కడిగింది. రెండోదానికి పట్టిన మట్టి తొందరగా వదల్లేదు.